వాద్యాల వైద్యం: బిగుసుకోకుండా తిరుగుతూనే ఉండే స్క్రూ

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం స్క్రూల గోలే. డిసెంబరు దగ్గరపడుతోందంటే నాకిది అలవాటే. మా కోస్తాలో గిటారు ఉన్న ఇల్లు కావాలంటే వెతకాలి గానీ, గిటారు లేని చర్చి వెతికినా దొరకదు. క్రిస్మస్ పాటల సాధన మొదలైన వారానికల్లా బెల్టు ఊడిన గిటార్లు ఒక్కొక్కటే నా బల్ల మీదికి చేరతాయి. అందుకే ఈసారి హార్మోనియం తిత్తుల సంగతి వచ్చే నెలకు వాయిదా వేసి, స్క్రూల పనే పట్టుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను మా చర్చిలో గిటారు వాయిస్తాను. అకూస్టిక్ గిటారు, కొని నాలుగేళ్లయింది. మెడ మొదట్లో బెల్టు తగిలించే గుండీ మొన్న ఆరాధన మధ్యలో స్క్రూతో సహా ఊడి వచ్చింది. గిటారును మోకాలితో ఆపాను కాబట్టి సరిపోయింది. మళ్లీ పెట్టి తిప్పితే స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు. మా బాబాయి ఇంతకంటే లావు స్క్రూ వేయమంటున్నారు. హార్డ్‌వేర్ షాపులో ఎపాక్సీ ముద్ద పెట్టి నింపమన్నారు. ఏది మంచిది?
— డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: రెండూ వద్దు బాబూ. ముందు మీ బాబాయిగారి సలహా సంగతి చెబుతాను. అది పాటించి దెబ్బతిన్నవాణ్ణి నేనే.

1994లో నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న వడ్రంగి. తలుపులూ మంచాలూ ఆయన పని, వాద్యాలు నా పిచ్చి. ఆ ఏడు క్రిస్మస్‌కు పది రోజుల ముందు మా వీధి చివరి చర్చివాళ్లు ఇలాంటి గిటారే తెచ్చారు. నాన్న ఇంట్లో లేరు. 3.5 మి.మీ. స్క్రూ ఉన్న రంధ్రంలోకి ఆయన డబ్బాలోంచి 5 మి.మీ. స్క్రూ తీసి తిప్పాను. బ్రహ్మాండంగా బిగిసింది. ఇంకొక్క అర చుట్టు అనుకుని తిప్పేసరికి టప్పుమని చప్పుడు. రంధ్రానికి రెండు పక్కలా పీచు వెంబడి చిటికెన వేలంత పగులు. నాన్న రాత్రి భోజనం చేసి వచ్చి చూశారు. తిట్టలేదు. ఫెవికాల్‌లో రెండు చుక్కల నీళ్లు కలిపి, బ్లేడు కొసతో పగులులోకి ఎక్కించి, పాత సైకిల్ ట్యూబు పొడవుగా కోసి మెడ మొదలు చుట్టూ పీకి పీకి చుట్టారు. పడుకోబోతూ మాత్రం, "రంధ్రం పెద్దది చేయకుండా లావు స్క్రూ వేయమని ఎవరు చెప్పారురా నీకు?" అన్నారు. ఆ పగులు గీత ఇప్పటికీ ఉంది. ఆ గిటారూ ఉంది.

అసలు స్క్రూను నిలబెట్టేది రంధ్రం గోడలోని చెక్క పీచు. స్క్రూ మర ఆ పీచులో గాట్లు కోసుకుంటూ దిగుతుంది. గాటుకూ గాటుకూ మధ్య మిగిలిన సన్నటి చెక్క అంచులే దాని పట్టు. మీ గిటారులో ఆ అంచులు పొడైపోయాయి. ఊడివచ్చిన స్క్రూను వెలుగులో పెట్టి చూడండి, మరల మధ్య ముదురు రంగు పొడి ఇరుక్కుని ఉంటుంది. మెడలోంచి పోయిన చెక్క అదే.

ఎందుకు పోయిందంటే, బిగించడం వల్లే. మీరు ఊగుతూ వాయిస్తున్నప్పుడు బెల్టు గుండీని అటూ ఇటూ తిప్పుతుంది, స్క్రూ కొంచెం వదులవుతుంది. మనం స్క్రూడ్రైవర్ తెచ్చి పావు చుట్టు బిగిస్తాం. వారం తర్వాత మరో పావు. గుండీ చెక్కకు పూర్తిగా ఆనుకున్నాక స్క్రూకు ముందుకు పోయే దారి ఉండదు. అయినా తిప్పితే ఉన్నచోటే తిరుగుతూ, తాను కోసిన అంచుల్ని తానే గీకేస్తుంది. అకూస్టిక్ గిటారు బరువు 2 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆ బరువుకు ఊడే స్క్రూ కాదది. బిగించి బిగించి మనమే ఊడగొట్టాం.

ఇక బాగు చేయడం. కావలసినవి చెక్క టూత్‌పిక్‌లు, ఫెవికాల్, కొత్త బ్లేడు, మాస్కింగ్ టేపు, 2.5 మి.మీ., 3 మి.మీ. డ్రిల్ బిట్లు, ఒక కొవ్వొత్తి ముక్క. టూత్‌పిక్‌లు దొరక్కపోతే వెలిగి ఆరిపోయిన అగరుబత్తీ పుల్లలు పనికొస్తాయి. మసాలా అంటని కాడ భాగం మాత్రమే వాడాలి, ఎందుకంటే అత్తరు నూనె అంటిన చోట జిగురు పట్టదు. మీ ఇంట్లో ఉండవేమో, పక్కింటివారిని అడగండి, సంతోషంగా ఇస్తారు. అగ్గిపుల్లల చెక్క మరీ మెత్తన. తప్పనిసరైతే తల విరిచేసి వాడండి. చీపురు ఈనెలు మాత్రం వద్దు. వాటి పైతోలు నున్నగా ఉంటుంది, జిగురును పట్టుకోదు.

గిటారును మడత పెట్టిన బొంత మీద పక్కవాటుగా పడుకోబెట్టండి. ఈ పనికి తీగలు వదులు చేయనక్కరలేదు. ఫోను లైటుతో తీగల కింద ఉండే పెద్ద గుండ్రటి రంధ్రం, అంటే సౌండ్ హోల్‌లోకి చూసి, మెడ అతుక్కున్న దిమ్మ దగ్గర బోల్టు తలలు కనిపిస్తున్నాయేమో గమనించండి. కనిపిస్తే మెడ మొదట్లో లోపల ఇనుము ఉన్నట్టే, పాత రంధ్రం కంటే ఒక్క వెంట్రుకవాసి కూడా లోతు చేయకండి. లోతు తెలుసుకోవడానికి ఒక టూత్‌పిక్ లోపలికి ఆనేదాకా దూర్చి, బయటి అంచు దగ్గర గోటితో నొక్కు పెట్టుకుంటే చాలు.

తర్వాత 3 మి.మీ. బిట్‌ను వేళ్ల మధ్య పట్టుకుని రంధ్రంలో మెల్లగా తిప్పండి. మిషను వద్దు, వేళ్లే. గుల్లబారిన పొడీ, ఇంతకుముందు ఎవరైనా పోసిన జిగురూ బయటికి వచ్చేస్తాయి. ఎండిపోయిన పాత జిగురు మీద కొత్త జిగురు నిలవదు. గొట్టంతో ఊదండి, కళ్లు మూసుకుని.

జిగురు పెట్టకముందే పుల్లలు పొడిగా పెట్టి చూసుకోవాలి. ఆ రంధ్రంలో టూత్‌పిక్ ఒకటి నిండుగా పడుతుంది. మిగిలిన సందులోకి నిలువుగా చీల్చిన సగం ముక్కలు రెండో మూడో దూరతాయి. చివరిది కొంచెం కష్టపడి దూరాలి. సరిపోయాయని తేలాక అన్నీ బయటికి తీసి, రంధ్రం చుట్టూ టేపు అంటించి, ఒక పుల్లతో రంధ్రం గోడలకు ఫెవికాల్ పూయండి. ముక్కలకూ పూసి వరసగా దూర్చండి. ఆఖరి ముక్కను స్క్రూడ్రైవర్ పిడితో రెండు చిన్న దెబ్బలు వేయండి, చాలు. పొంగిన జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడిచేయాలి.

ఇక 24 గంటలు దాని జోలికి పోకండి. కొందరు జిగురు తడిగా ఉండగానే స్క్రూ తిప్పేస్తారు. నాకది నచ్చదు. తడి పుల్లల్ని స్క్రూ లోపలికి తోసేస్తుందే గాని వాటిలో మర కోసుకోదు.

మర్నాడు బయటికి పొడుచుకొచ్చిన పుల్లల్ని విరవకండి. విరిస్తే లోపలి పీచు కూడా వెంట లాక్కొస్తుంది. బ్లేడుతో చుట్టూ గాటు పెట్టి, అంచుకు సమంగా కోయండి. మధ్యలో ఆరతో (మొనదేలిన ఇనుప పుల్లతో) చిన్న గుంట పెట్టి, 2.5 మి.మీ. బిట్‌తో స్క్రూ పొడవు కంటే కొంచెం తక్కువ లోతు వేయండి. ఎంత లోతో అక్కడ బిట్‌కు టేపు ముక్క చుట్టుకుంటే పొరపాటు జరగదు. స్క్రూ మరలను కొవ్వొత్తి మీద ఒకసారి రుద్ది, చేత్తోనే తిప్పండి. గుండీకీ చెక్కకూ మధ్య ఉన్ని బిళ్ల తప్పనిసరి. ఆ బిళ్ల కొంచెం అణగడం కనిపించిన క్షణంలో చెయ్యి ఆపేయాలి.

ఎపాక్సీ ముద్ద ఎందుకు వద్దంటే, అది గట్టిపడ్డాక పెళుసు. స్క్రూ పీచును కోసుకున్నట్టు దాన్ని కోసుకోలేదు, అంచులు పలుకులు పలుకులుగా రాలతాయి. అప్పుడు గిటారు నా దగ్గరికి వస్తుంది, ముద్ద తీయడానికి నేను దాని చుట్టూ ఉన్న మంచి చెక్క కూడా తవ్వాలి.

ప్రశ్న: నాది ఎలక్ట్రిక్ గిటారు. కింది వైపు, అంటే వాయించేటప్పుడు కుడి మోచేతి దిక్కున ఉండే బెల్టు గుండీ ఏడాదిలో రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ టూత్‌పిక్‌లూ జిగురూ పెట్టాను. మెడ వైపు గుండీకి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకిలా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మంచి ప్రశ్న. కట్టెలు చీల్చేవారిని చూసే ఉంటారు. దుంగను నిలబెట్టి, కోసిన ముఖం మీద గొడ్డలి వేస్తే పీచు వెంట రెండుగా విడిపోతుంది. అదే దుంగను పడుకోబెట్టి అడ్డంగా కొడితే ఎంతసేపటికీ తెగదు. మీ గిటారు చెక్కలో పీచు మెడ నుంచి తోక దాకా పొడవునా సాగుతుంది. తోక చివర దిగే స్క్రూ అందువల్ల సరిగ్గా పీచు వెంటే దిగుతుంది. దాని మర పీచును అడ్డంగా తెంచి ముక్కలు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు ఇట్టే రాలిపోతాయి. పైగా మీ గిటారు అకూస్టిక్ కాదు, 3.5 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దాని ఒళ్లు బాస్‌వుడ్ అనే చెక్కతో చేసింది అయితే మరీ మెత్తన, గోటితో నొక్కితే గంటు పడుతుంది.

మీరు పెట్టిన టూత్‌పిక్‌ల పీచు కూడా స్క్రూ వెంటే నిలువుగా ఉంది. తేలికపాటి గిటారుకు అది చాలు, దీనికి చాలదు. బజారులో దొరికే గుండ్రటి డవెల్ కర్ర కొట్టినా అదే కథ, ఎందుకంటే దానిలోనూ పీచు పొడవునే ఉంటుంది. దీనికి అడ్డపీచు బిళ్ల కావాలి. చదునైన చెక్క పలక ముఖం మీద ప్లగ్ కట్టర్ (గుండ్రటి బిళ్లలు కోసే డ్రిల్ బిట్) నిలబెట్టి కోస్తే వచ్చే గుండ్రటి ముక్కలో పీచు అడ్డంగా ఉంటుంది. స్క్రూ పీచు వెంట కాకుండా పీచుకు అడ్డంగా దిగుతుంది, పట్టు దొరుకుతుంది.

నేను వాడేది పనస. నూజివీడులో వీణలు చేసేవారి దగ్గర ముక్కలు అడిగి తెచ్చుకుంటాను. బొబ్బిలిలోనైనా నూజివీడులోనైనా వీణకు పనసే కదా, వాళ్ల దగ్గర చిన్న ముక్కలకు కొదవ లేదు. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. మరీ మెత్తనా కాదు, ఉలి ఎగిరిపడేంత గట్టీ కాదు. టేకు కూడా వాడవచ్చు గానీ దానిలో నూనె ఉంటుంది, అప్పటికప్పుడు కోసిన ముక్కకే జిగురు బాగా పడుతుంది. నెల రోజులు డబ్బాలో పడి ఉన్న టేకు బిళ్లను నమ్మకండి.

బిళ్ల 8 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. పొడవు ఉంటే చాలు. వెడల్పు అంతకు మించితే ఉన్ని బిళ్ల కింద దాగదు, అతుకు బయటికి కనిపిస్తుంది. పాత రంధ్రాన్ని 8 మి.మీ. చేసేటప్పుడు పాలిష్ లేచిపోతుందని అందరికీ భయం. నాకూ ఉండేది. డ్రిల్ మిషనును మొదట వెనక్కి తిరిగేలా పెట్టి, బిట్‌ను చెక్కకు మెల్లగా ఆనించండి. అది కోయకుండా పాలిష్‌ను గుండ్రంగా గీకి గీత పెడుతుంది. ఆ గీత చెక్క దాకా దిగాక మామూలు దిశకు మార్చి రంధ్రం వేయండి. పాలిష్ ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. కొత్త గిటారు మీద ఈ పని చేసేముందు పాత తలుపు ముక్క మీద పదిసార్లు చేసి చూడండి.

ప్రశ్న: గిటారు మెడ విప్పాను (నాలుగు స్క్రూలతో బిగించే రకం). బాడీ రంధ్రాల్లో స్క్రూలు మర పట్టకుండా వదులుగా జారిపోతున్నాయి. నాలుగూ పాడయ్యాయా? వాటిలోనూ పుల్లలు పెట్టాలా?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్టకండి, దయచేసి! అవి వదులుగానే ఉండాలి. 1950లో ఫెండర్ కంపెనీ మెడను స్క్రూలతో బాడీకి బిగించే గిటార్లు అమ్మకానికి తెచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇదే. స్క్రూ బాడీలోంచి ఊరికే దూసుకుపోయి మెడలో మాత్రమే మర పట్టాలి. అప్పుడే మెడను బాడీకి గట్టిగా లాగి పట్టుకుంటుంది. రెండింటిలోనూ మర పడితే, మధ్యలో సన్నటి ఖాళీ మిగిలినా స్క్రూ దాన్ని మూయలేదు. మీరు ఎంత బిగించినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది.

చూడవలసినవి మెడలోని రంధ్రాలు. అవి కూడా వదులైతే మేపుల్ చెక్క బిళ్లలే వేయాలి. తీగలన్నీ కలిసి 45 కిలోల దాకా లాగుతాయి కాబట్టి ఇక్కడ టూత్‌పిక్‌లతో సరిపెట్టుకోవద్దు. ఇంకో సంగతి, స్క్రూ మెడలోకి దిగేది 15 మి.మీ. పైచిలుకే. ఆ పైన ఉన్నది ఫింగర్‌బోర్డు, అంటే తీగలు నొక్కే పలక. బిట్‌కు టేపు చుట్టకుండా డ్రిల్ వేసి ఫింగర్‌బోర్డులోంచి బయటికి తెచ్చిన గిటారును నేను ఒకటి చూశాను. తెచ్చినాయన దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, విప్పడానికి చాలాసేపు మొహమాటపడ్డారు.

ప్రశ్న: శ్రుతి కీల వెనక ఉండే బుల్లి స్క్రూలు తిప్పినా బిగియడం లేదు. ఒకటి బిగించబోతే తల విరిగిపోయింది.
— సంగీతం టీచరు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, అవి 2 మి.మీ. పైన కొంచెం ఉండే స్క్రూలు. తల విరిగిందంటే ఆ రంధ్రం వదులు కాదు, బిగువు ఎక్కువైంది. కొత్త స్క్రూకు మైనం రాయకుండా తిప్పారని నా అనుమానం. విరిగిన దాన్ని మీరు తీయబోకండి, చెక్క చిట్లుతుంది, అది చేతనైనవారికి వదిలేయండి. వదులైన రంధ్రాలకు మాత్రం ఒక్కో టూత్‌పిక్ కొస, ఒక చుక్క ఫెవికాల్ చాలు. స్క్రూ పెట్టి మొదట వెనక్కి తిప్పండి. పాత మర అంచు దగ్గర చిన్న జారుడు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే ఉన్న మరలోనే దిగుతుంది, కొత్తగా కోయదు. ఈ చిట్కా ఏ స్క్రూకైనా పనికొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి గిటారు ఖరీదు నాలుగు వేలు. గుండీ ఊడిందని ఒక షాపులో చూపిస్తే బాగుచేయడానికి తొమ్మిది వందలు అడిగారు. కొత్తది కొనడమే మేలంటారా?
— గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: కొనకండమ్మా. పై జవాబుల్లో మొదటిది మీ అబ్బాయి చేత చదివించి, చేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు. జిగురు ఆరేదాకా ఒక రోజు గిటారు ముట్టుకోకుండా ఉండటమే వాడికి కష్టం.

చివరగా ఒక అప్పు తీర్చుకోవాలి. రెండు నెలల కింద హార్మోనియం మూత బందుల గురించి రాస్తూ, స్క్రూ సులువుగా దిగడానికి సబ్బు రాయమన్నాను. కర్నూలు నుంచి ఒక పెద్ద వడ్రంగిగారు పోస్టుకార్డు రాశారు. "సబ్బు చెమ్మను లాగుతుంది, ఇనుప స్క్రూ తుప్పు పడుతుంది, మీ నాన్నగారు వడ్రంగి అని రాసుకుంటారు, ఆయన మీకు ఇది చెప్పలేదా?" అని. చెప్పే ఉంటారు, నేనే వినలేదు. ఆ కార్డు చదివి నా హార్మోనియం మూత స్క్రూలు విప్పి చూశాను. ఎనిమిదింటిలో ఐదింటికి తుప్పు. సబ్బు రాసినవారు విప్పి తుడిచి మైనం రాయండి. నా మైనం డబ్బాలో ఇప్పుడున్నది ఆ 1994 నాటి గిటారువాళ్లు పోయిన క్రిస్మస్ తర్వాత ఇచ్చి వెళ్లిన కొవ్వొత్తి ముక్కలు.